లాప్‌టాప్‌ను స్టేజీకి అలవాటు చేసిన కథ

మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు నాది. రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లిళ్లు, కోనసీమ తీర్థాలు, వినాయక చవితి పందిళ్లు, కార్తీక మాసం వనభోజనాలు, ఎక్కడ సంగీత విభావరి పెడితే అక్కడికి వెళ్తాం. మొదట్లో అందరిలాగే కీబోర్డులో ఉన్న టోన్లతోనే, అంటే అందులో ముందే ఉండే వాద్యాల శబ్దాలతోనే, నడిపించేవాణ్ణి. కానీ పాత పాటల్లో వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేచే చోట ఆ టోన్లు చాలవు. సన్నాయి బిట్టు వస్తే మరీ తేలిపోతుంది. మా వైపు ఊళ్లలో పెద్దవాళ్లు గుడిలో, పెళ్లిళ్లలో అసలు సన్నాయి విని పెరిగినవాళ్లు. గమకం లేని సన్నాయి వాళ్ల చెవికి ఆనదు. ఆ శబ్దం కోసమే లాప్‌టాప్ పెట్టుకుని మంచి శాంపిల్ లైబ్రరీలు, అంటే అసలు వాద్యాల స్వరాల రికార్డింగులు, వేసుకున్నాను. కీబోర్డు మీద మీట నొక్కితే మిడి సందేశం, అంటే ఏ మీట ఎంత గట్టిగా నొక్కామన్న సమాచారం, లాప్‌టాప్‌కి వెళ్తుంది, అక్కడ శబ్దం తయారై ఆడియో ఇంటర్‌ఫేస్ అనే బయటి సౌండ్ పెట్టె గుండా మిక్సర్‌లోకి వస్తుంది.

ఇంట్లో ఇది అద్భుతంగా ఉండేది. స్టేజీ మీద మాత్రం ఒక మే నెల పెళ్లిలో, పాట సగంలో ఉండగా వయొలిన్లు చిటపటమన్నాయి. రెండు మూడు క్షణాలు చిటపటలాడి మళ్లీ సర్దుకున్నాయి. జనం పట్టించుకోలేదు కానీ పాడుతున్న అమ్మాయి ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఆ రాత్రి అదే తంతు మళ్లీ మళ్లీ జరిగింది. ఇంటికొచ్చి అదే పాట ఎన్నిసార్లు వాయించినా ఒక్క చిటపటా లేదు.

చాలామంది ఇలాంటప్పుడు ఇంకా పెద్ద ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్ కొనమంటారు. నాకూ అదే సలహా వచ్చింది. నాకు అది సరైన దారి అనిపించలేదు, ఎందుకంటే టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్రాసెసర్ పావు వంతు కూడా వాడటం లేదు. అసలు సంగతి వేరే ఉంది. నా సెట్టింగు సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దపు చిన్న చిన్న కొలతలు), బఫర్, అంటే ఒక్కసారి అందించే ముక్క, 256. అంటే ప్రతి 5.3 మిల్లీసెకన్లకు కంప్యూటర్ తర్వాతి 256 శాంపిళ్లు తయారుచేసి అందించాలి. ఆ గడువు లోపల అందకపోతే ఆ ముక్క ఖాళీ, మనకు వినిపించేది టప్ అనే చప్పుడు. ప్రాసెసర్ సెకను మొత్తంలో ఎంత ఖాళీగా ఉన్నా, మధ్యలో ఏదో ఒక డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం) దాన్ని ఆరేడు మిల్లీసెకన్లు పట్టుకుని వదలకపోతే చాలు, చిటపట వచ్చేస్తుంది. కాబట్టి వెతకాల్సింది బలం కాదు, అడ్డు పడేది ఏమిటన్నది.

దానికి లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాన్ని తెరిచి వదిలేస్తే ఏ డ్రైవర్ ఎంతసేపు ప్రాసెసర్‌ను బిగబట్టిందో పేరుతో సహా చూపిస్తుంది. నా దాంట్లో మొదట ఎర్రగా వచ్చినది నెట్‌వర్క్ డ్రైవర్. వైఫై ఆన్‌లో ఉంటే అది దొరకని నెట్‌వర్కుల కోసం అదేపనిగా వెతుకుతూ ఉంటుంది. ఇంట్లో తెలిసిన రౌటర్ ఉంది కనుక ఊరుకునేది, పెళ్లి పందిట్లో వందల ఫోన్ల మధ్య ఊరుకోలేదు. డివైజ్ మేనేజర్‌లోకి వెళ్లి వైఫై, బ్లూటూత్ రెండూ డిజేబుల్ చేశాను. ఏరోప్లేన్ మోడ్ కంటే ఇది నయం, ఎందుకంటే డ్రైవరే పక్కకు తప్పుకుంటుంది. లైబ్రరీలున్న ఫోల్డర్‌ను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించాను. విండోస్ చప్పుళ్లన్నీ తీసేసి, మామూలు శబ్దాలు లాప్‌టాప్ సొంత స్పీకర్‌కే వెళ్లేలా పెట్టి, ఇంటర్‌ఫేస్‌ను సంగీతానికి మాత్రమే వదిలాను. ఏదో నోటిఫికేషన్ టింగుమని వేల వాట్ల సౌండ్‌లోంచి వినిపించే ప్రమాదం దాంతో పోయింది.

ఇంత చేసినా నాకు సమాధానం పూర్తి కాలేదు. ఆ పెళ్లిలో చిటపటలు ఎప్పుడెప్పుడు వచ్చాయో గుర్తు తెచ్చుకుంటే, కరెంటు ఒక్క క్షణం తగ్గి మళ్లీ అందుకునే వేళకు దగ్గర దగ్గరగా వచ్చాయనిపించింది. అప్పుడు మా ఆక్టోప్యాడ్ (కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు) కుర్రాణ్ణి ఇంటికి పిలిచాను. నేను పాట వాయిస్తూ ఉంటాను, నువ్వు నాకు చెప్పకుండా ఒక్కో వైరూ పీకుతూ ఉండు అన్నాను. వాడు "అన్నయ్యా, పాడైపోతే?" అని వెనకాడాడు. స్టేజీ మీద పాడవడం కంటే ఇక్కడ పాడవడమే మేలు, పీకు అన్నాను. నేను చేసిన పనులన్నిట్లోకీ ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట పీకింది లాప్‌టాప్ ఛార్జర్. తెర వెలుగు తగ్గింది, ఆ వెంటనే చిటపట. దొంగ దొరికాడు. బ్యాటరీ మీదకు మారగానే విండోస్ పవర్ ప్లాన్ ప్రాసెసర్ వేగాన్ని దించేస్తోంది, ఛార్జర్ మళ్లీ పెట్టగానే పెంచుతోంది. ఆ పెళ్లిలో కరెంటు అలా తగ్గిన ప్రతిసారీ జరిగింది ఇదే. పవర్ ప్లాన్‌లో ప్రతి సెట్టింగుకూ రెండు గళ్లు ఉంటాయి, ఛార్జర్ ఉన్నప్పుడు ఒకటి, బ్యాటరీ మీద ఒకటి. చాలామంది మొదటిదే మారుస్తారు. రెండూ ఒకటే చేశాను. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనేది రెండు గళ్లలోనూ తీసేశాను, లేకపోతే వాడటం లేదనుకుని విండోస్ యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చుతుంది. మళ్లీ ఛార్జర్ పీకించాను, పెట్టించాను, పీకించాను. వయొలిన్లు ఏమీ ఎరగనట్టు సాగిపోయాయి.

తర్వాత కీబోర్డు అడాప్టర్. ఇది ఛార్జర్ కంటే ప్రమాదం. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, నా ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి అదీ బతుకుతుంది. కీబోర్డుకు ఏ ఆధారమూ లేదు. అది ఆరిపోయి మళ్లీ లేచేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. అంతకన్నా ఘోరం, ఆరిపోయిన క్షణంలో నా వేళ్ల కింద ఉన్న స్వరాలు లాప్‌టాప్‌లో అలాగే మోగుతూ ఉండిపోయాయి. మీట వదిలిన సందేశం పంపేవాడే లేడు కదా. దానికి రెండు పనులు చేశాను. కీబోర్డుకూ ఆక్టోప్యాడ్‌కూ కలిపి కంప్యూటర్ షాపులో దొరికే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టాను. జనరేటర్ ఎత్తుకునే ఆ కాస్సేపటికి అది బాగా చాలు. రెండోది, ఒక ఫుట్ స్విచ్‌కు "అన్నీ ఆపు" అనే పని అప్పగించాను. అది తొక్కితే మిడిలోని 123వ కంట్రోల్, అంటే స్వరాలన్నీ ఆపేది, 64వ కంట్రోల్ సున్నా, అంటే సస్టెయిన్ (మీట వదిలినా స్వరం సాగేలా చేసే పెడల్) వదిలేది, రెండూ అన్ని ఛానెళ్లకూ వెళ్తాయి. సస్టెయిన్ పెడల్ సంగతీ ఇక్కడే బయటపడింది. చాలా కీబోర్డులు ఆన్ చేసేటప్పుడు పెడల్ స్థితి చూసి అదే వదిలిన స్థితి అనుకుంటాయి. ఆ సమయంలో కాలు దాని మీద ఉంటే తర్వాత అంతా తలకిందులే, తొక్కితే ఆగుతుంది, వదిలితే సాగుతుంది. కీబోర్డు లేచేదాకా పెడల్ మీద కాలు పెట్టకూడదని ఆ రోజు నుంచి మా వాళ్లందరికీ చెబుతున్నాను.

మూడోది ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ కేబుల్. అది పీకగానే నిశ్శబ్దం. తిరిగి పెడితే ఇంటర్‌ఫేస్ లైటు వెలిగింది కానీ శబ్దం రాలేదు. ప్లగిన్లు (లాప్‌టాప్‌లో వాద్యాల శబ్దాలు చేసే ప్రోగ్రాంలు) నడిపే ప్రోగ్రాంలో ఆడియో ఇంజన్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. నేను వాడేది కాంటబైల్. అందులో ఈ పనికి ఒక మీట కేటాయించుకున్నాను. మౌసుతో మెనూలు వెతికే పని లేకుండా ఒక్క నొక్కుతో తిరిగొస్తుంది. కేబుల్‌ను అదే పోర్టులో పెట్టడం కూడా ముఖ్యం. వేరే పోర్టులో పెడితే విండోస్ ఒక్కోసారి దాన్ని కొత్త పరికరంగా లెక్కగట్టి పేరు ముందు 2 అంకె తగిలిస్తుంది, ప్రోగ్రాం పాత పేరు కోసం వెతుకుతూ కూర్చుంటుంది. అందుకని పోర్టు పక్కన ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను, కేబుల్ పిన్ను మీదా అదే చుక్క. స్టేజీ చీకట్లో ఎవరు కలిపినా పొరపాటు రాదు. కేబుల్‌ను ఒక చుట్టు చుట్టి స్టాండు కాలికి వెల్క్రోతో కట్టేస్తాను. ఎవరి కాలికైనా తగిలితే లాగుడు స్టాండు మీద పడుతుంది, పోర్టు మీద పడదు.

ఆఖరున వాడు లాప్‌టాప్ మూతే వేసేశాడు. విండోస్ నిద్రలోకి వెళ్లిపోయింది. మూత వేస్తే ఏమీ చేయవద్దు అని పెట్టుకోవడం అర నిమిషం పని, ఆ అవసరం గుర్తొచ్చింది మాత్రం వాడి చలవే.

అయినా లాప్‌టాప్ నిజంగానే చచ్చిపోతే ఏం చేయాలి? దీనికి సాఫ్ట్‌వేర్‌లో జవాబు లేదు. నా పక్కన చిన్న మిక్సర్ పెట్టుకున్నాను. లాప్‌టాప్ శబ్దం మొదటి రెండు ఛానెళ్లు, కీబోర్డు సొంత శబ్దం తర్వాతి రెండు. కీబోర్డు ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) ఎప్పుడూ కిందకు దించి ఉంటాయి. కీబోర్డులోనూ ప్రతి పాటకూ దగ్గరగా ఉండే టోన్ ఎంచి అదే వరుసలో దాచాను. కాంటబైల్ పాట మార్చినప్పుడు ప్రోగ్రాం చేంజ్ సందేశం కీబోర్డుకు వెళ్లి అక్కడా టోన్ మారిపోతుంది. లాప్‌టాప్ పోతే ఎడమ చేత్తో రెండు ఫేడర్లు పైకి తోస్తే చాలు, పాట ఆగదు. నాణ్యత తగ్గుతుంది, పాట ఆగదు. నాకు ముఖ్యం ఆ రెండోదే. పాడేవాళ్లు మనల్ని నమ్ముకుని గొంతు ఎత్తుతారు. పల్లవి మధ్యలో వాళ్ల కింద నేల లాగేసే హక్కు మనకు లేదు.

రిథమ్ లూపుల విషయంలో కూడా ఇదే ఆలోచన పనిచేసింది. కొన్ని పాటలకు లాప్‌టాప్ నుంచి లూప్ (తిరిగి తిరిగి మోగే తాళం ముక్క) వెళ్తుంది, లయ చెప్పే క్లిక్ మాత్రం ఇంటర్‌ఫేస్ 3, 4 అవుట్ల నుంచి ఆక్టోప్యాడ్ కుర్రాడి చెవిలోకి. లూప్ ఆగితే నా వైపు చూడకుండా ప్యాడ్స్ మీద తాళం అందుకోవాలని ఒప్పందం. దీన్ని మేం విడిగా సాధన చేశాం. నేను పాట మధ్యలో లూప్ కోసేసేవాణ్ణి, వాడు పడిపోకుండా పట్టుకునేవాడు. లూపుల్లో తాళం తప్ప స్వరం ఉన్నదేదీ ఉంచలేదు. ఎందుకంటే గాయనికి ఆ రోజు గొంతు బాగోలేక "అర శ్రుతి దించండి మాస్టారూ" అంటే, అయిదున్నర శ్రుతి పాట అయిదుకు రావాలి. స్వరాలన్నీ నేను చేత్తో వాయిస్తుంటే ట్రాన్స్‌పోజ్ ఒక అంకె మారిస్తే సరిపోతుంది. స్వరం ఉన్న ట్రాకులు ముందే రికార్డు చేసి పెట్టుకుంటే అప్పటికప్పుడు వాటిని దించే పని ఇంకొకటి నెత్తిన పడుతుంది. లాప్‌టాప్‌కు ఎంత తక్కువ పని చెబితే అంత నమ్మకంగా ఉంటుంది. స్టేజీ మీద ట్రాకులు పెట్టి వేళ్లు ఆడించడం కంటే ఇందులో సంగీతమూ ఎక్కువ ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

ఇక వేడి. మే నెలలో పందిట్లో ఫ్యాన్లు పెళ్లి పీటల వైపు తిరిగి ఉంటాయి, మా వైపు హాలోజన్ లైట్లు ఉంటాయి. మేడ మీద రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట పూర్తి కార్యక్రమం నిడివి అంతా, అన్ని పాటలూ వరుసగా నడిపి చూశాను. మొదటి గంట బాగానే ఉండి తర్వాత చిటపట మొదలైంది. ప్రాసెసర్ ముందు టర్బోలో, అంటే మామూలు కంటే ఎక్కువ వేగంలో, ఎగిరి, వేడెక్కాక వేగం తనంతట తనే తగ్గించుకుంటోంది. పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 బదులు 99 శాతం పెడితే నా లాప్‌టాప్‌లో టర్బో ఆగిపోతుంది. కనిష్ఠం కూడా 99 పెట్టాను. ఇప్పుడు అది పరుగెత్తదు, ఆగదు, ఒకే నడక నడుస్తుంది. ఆ నడకకు సరిపోయేలా టోన్లు తగ్గించుకున్నాను. ఒక్కో పాటకు నిజంగా వాడే స్వరాల శాంపిళ్లు ఉంచి మిగిలినవి మెమరీ నుంచి తీసేశాను, రివర్బ్ (హాల్లో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) ప్రతి టోన్‌కూ వేరుగా కాకుండా అన్నిటికీ కలిపి ఒక్కటే పెట్టాను. పాటలన్నీ కార్యక్రమానికి ముందే లోడ్ అయిపోతాయి, పాటకూ పాటకూ మధ్య హార్డ్ డిస్క్ జోలికి పోయే పని లేదు. లాప్‌టాప్‌ను బల్ల మీద గుడ్డ పరిచి పెట్టకుండా కింద గాలి ఆడే ఇనుప స్టాండు మీద పెడుతున్నాను.

చలికాలం బాధ ఇంకోలా ఉంటుంది. మాఘమాసం ముహూర్తాలు తెల్లవారుజామున ఉంటే ఆరుబయట మంచు కురుస్తుంది. మీటల మీద చెమ్మ చేతికి తగులుతుంది. విరామంలో కీబోర్డు మీదా ఇంటర్‌ఫేస్ మీదా తువ్వాలు కప్పుతాం. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి పీ-38 పిన్నులు (ఆడియో కేబుళ్ల చివర ఉండే లావు పిన్నులు) నల్లబడతాయి. ఊరు నుంచి రాగానే కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి పెట్టుకుంటే కరకర రాదు.

హమ్, అంటే స్పీకర్లలో వచ్చే రొద గురించి తప్పక రాయాలి, ఎందుకంటే ఇది ప్రాణం మీదకు వచ్చే విషయం. లాప్‌టాప్ ఛార్జర్ తగిలించగానే స్పీకర్లలో జుయ్యిమని రొద రావడం మామూలే. ఒక ఊళ్లో సౌండ్ అబ్బాయి వచ్చి "ఎర్త్ పిన్ను పీకేయండి మాస్టారూ, ఆ గుర్రు పోద్దండి" అన్నాడు. నిజమే, పోతుంది. దాంతోపాటు రక్షణా పోతుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఇనుప మైకు పట్టుకుని పాడే మనిషికి ఆ ఎర్తే దిక్కు. ఎర్త్ పిన్ను ఎప్పుడూ తీయకండి, తీయనివ్వకండి. లాప్‌టాప్, మిక్సర్ వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలిసి, మళ్లీ ఆడియో కేబుల్ గుండా ఒకదానితో ఒకటి కలవడం వల్ల ఆ చుట్టులో వచ్చే రొద అది. ఛార్జర్ పీకగానే రొద ఆగితే కారణం చాలావరకు అదే. నా మిక్సర్‌కూ సౌండ్ వాళ్ల బంచ్ కేబుల్‌కూ (స్టేజీ నుంచి వాళ్ల మిక్సర్‌కు పోయే లావు కేబుల్) మధ్య డీఐ బాక్సులు, అంటే శబ్దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపే చిన్న పెట్టెలు, పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేస్తే ఆడియో దారిలో చుట్టు తెగుతుంది, కరెంటు ఎర్త్ మాత్రం అలాగే ఉంటుంది. కీబోర్డు నుంచి లాప్‌టాప్‌కు కూడా యూఎస్‌బీ మానేసి 5 పిన్నుల పాత మిడి కేబులే వేశాను. 1983లో వచ్చిన ఆ పద్ధతిలో సందేశం అందుకునే వైపు ఆప్టో ఐసొలేటర్ ఉంటుంది, అంటే సందేశం వెలుగు రూపంలో దాటుతుంది, ఆ దారిన కరెంటు దాటదు. దాని వేగం సెకనుకు 31,250 బిట్లే. ఒక్క స్వరానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. వేళ్లకు ఆ తేడా తెలియదు.

లైసెన్సుల సంగతి చిన్నదే కానీ చూసుకోవాలి. కొన్ని ప్లగిన్లు అప్పుడప్పుడు ఇంటర్నెట్‌లో తమ లైసెన్సు సరిచూసుకుంటాయి. వైఫై ఆపేసి కొన్నాళ్లు అలాగే వాడి, ఏది మొరాయిస్తుందో చూసి, మొరాయించినదాన్ని స్టేజీ సెట్ నుంచి తీసేశాను. ఎంత మంచి శబ్దమైనా సరే. విండోస్ అప్‌డేట్లు, ప్లగిన్ కొత్త వెర్షన్లు అన్నీ ఆషాఢంలోనే. ఆ నెల పెళ్లిళ్లు ఉండవు కనుక ఏదైనా తేడా వస్తే సర్దుకునే తీరిక ఉంటుంది. అప్‌డేట్ చేసే ముందు డిస్క్ మొత్తం ఇంకో ఎస్‌ఎస్‌డీ మీదకు క్లోన్ చేస్తాను, అంటే ఉన్నదున్నట్టు నకలు తీస్తాను. శ్రావణం మొదలయ్యాక ఏ కొత్తదనమూ లోపలికి రానివ్వను.

ఇదంతా అయ్యాక అమలాపురం దగ్గర ఒక పెళ్లిలో పరీక్ష ఎదురైంది. కరెంటు పోయింది, పందిరంతా చీకటి, యూపీఎస్ కీచుమంది, పాట నడుస్తూనే ఉంది. సౌండ్ వాళ్ల ఆంప్లిఫయర్లే ఆగిపోయాయి కనుక బయటికి వినపడలేదు, కానీ మా చెవుల్లో క్లిక్, వయొలిన్లు అన్నీ యథాతథం. జనరేటర్ అందుకునేసరికి మేం చరణంలో ఉన్నాం, గాయని అక్కడి నుంచే గొంతు కలిపింది. అదే రాత్రి వీడియో తీసే కుర్రాడి కాలు నా కేబుల్‌కు తగిలింది. స్టాండు కదిలింది, పోర్టు కదల్లేదు.

ఇంకా మిగిలిన పని ఒకటుంది. క్లోన్ చేసిన ఎస్‌ఎస్‌డీ నా దగ్గర ఉంది కానీ దాన్ని బిగించడానికి లాప్‌టాప్ అడుగు రేకు విప్పాలి, ఆ స్క్రూలు చిన్నవి, స్టేజీ వెనక చీకట్లో అయ్యే పని కాదు. యూఎస్‌బీ పెట్టెలో పెట్టి దాని నుంచే బూట్ అయ్యేలా చేసి, మళ్లీ ఆ వైర్లన్నీ ఒక్కొక్కటిగా పీకించి చూడాలి. ఆక్టోప్యాడ్ కుర్రాడికి ఇప్పటికే చెప్పి ఉంచాను, వచ్చే ఆషాఢం మొదటి వారం ఖాళీ పెట్టుకోమని.